ఎడమవైపు మూడో పన్నా

మెడలో కొలతల టేపు లేకుండా టేపమ్మను చూసినవాళ్ళు ఆ వీధిలో లేరు. పడుకున్నప్పుడు కూడా తీయదని పక్కింటావిడ ప్రచారం చేసింది గానీ అది ఒట్టిమాట. పడుకునేటప్పుడు తీసి తలగడ కింద పెట్టుకుంటుంది. కాగితాల మీద ఆమెకూ ఒక పేరుంది, దానితో కాగితాలకే అవసరం. ఇంటి ముందుగదిలో రెండు కుట్టుమిషన్లు, కిటికీ పక్కన కత్తిరింపుల బల్ల, బల్ల కింద గుడ్డపేలికల బస్తా. పొడుగు ప్యాంట్లు పొట్టి చేయడం, ఒళ్ళు చేసినవాళ్ళ కోట్లు వదులు చేయడం, కిటికీలకు తెరలు కుట్టడం ఆమె పని. కొలత తీసేటప్పుడు ఎదుటి మనిషి ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుంటే, "మీరు ఊపిరి వదిలాకే రాసుకుంటానులెండి, నాకేం తొందర లేదు" అని టేపు పట్టుకుని అలాగే నిలబడుతుంది. ఎంత పెద్దమనిషైనా కాసేపటికి ఊపిరి వదలాల్సిందే.

ఆమె నోరు తెరిస్తే మహానగరం. పంతొమ్మిదో ఏట ఒంటరిగా రైలెక్కి వెళ్ళి, అక్కడ తెరలు కుట్టే కార్ఖానాలో మూడేళ్ళు పనిచేసి, పెళ్ళి కుదిరితే తిరిగి వచ్చేసింది. ఆ మూడేళ్ళ కథ ఇరవై తొమ్మిదేళ్ళుగా చెబుతూనే ఉంది. వాన పడితే, పట్నంలో వాన ఇలా మూలుగుతూ పడదంటుంది. టీ తాగితే, పట్నంలో స్టేషన్ ఎదురుగా ఉండే కొట్టు టీ తాగి చావాలంటుంది. పట్నంలో వీధి దాటడం కూడా ఒక విద్యేనట. ఇంట్లోవాళ్ళకు ఆ నగరంలోని సందులన్నీ చూడకుండానే కంఠతా వచ్చేశాయి.

అంత ప్రేమ ఉన్న మనిషి మళ్ళీ ఒక్కసారైనా వెళ్ళిందా అంటే, లేదు. మొదట కూతురు చంటిపిల్ల అంది. తర్వాత కూతురికి పరీక్షలంది. కూతురికి ఉద్యోగం వచ్చాక మిషన్‌కు రోగం వచ్చిందంది. భర్త రెండుసార్లు టికెట్లు తెచ్చాడు, రెండుసార్లూ ఆయనే వెళ్ళి రద్దు చేయించుకొచ్చాడు. ఆయనది పోస్టాఫీసులో ఉత్తరాల మీద ముద్రలు కొట్టే ఉద్యోగం. ఏ విషయం మీదైనా ముద్ర కొట్టినట్టు ఒక్క మాటే మాట్లాడతాడు. "జనమంటే భయం" అని భార్య మీద కూడా ఒక ముద్ర కొట్టేసి ఊరుకున్నాడు. టేపమ్మ కాదనలేదు. అసలు సంగతి చెప్పడం కన్నా పిరికిదనిపించుకోవడమే ఆమెకు సులువనిపించింది.

అసలు సంగతి బొత్తాల డబ్బాలో అడుగున ఉంది. జానెడు పొడవున్న ఎర్ర మఖమల్ ముక్క.

ఆ కార్ఖానాలో ఆమె చేసిన చివరి పని, నగరం నడిబొడ్డున కొత్తగా కట్టిన నాటకశాలకు ముందుతెర. మధ్యలో విడిపోయి చెరో పక్కకూ జరిగే తెర కాబట్టి రెండు భాగాలు. ఒక్కో భాగానికి ఎనిమిదేసి పన్నాలు, అంటే బట్ట ఎంత వెడల్పున వస్తుందో అంత వెడల్పు ముక్కలు, నిలువునా పక్కపక్కనే పెట్టి అతకాలి. మఖమల్‌కు నూగు ఉంటుంది. పిల్లి వీపు లాగే ఒకవైపు నిమిరితే ఒదుగుతుంది, రెండోవైపు నిమిరితే ఎదురు తిరుగుతుంది. నూగు పైకి ఉండేలా కుడితే ఎరుపు ముదురుగా, నిండుగా ఉంటుంది. అదే ముక్కను తలకిందులు చేస్తే రంగు వెలిసినట్టు లేతబడిపోతుంది. బల్ల మీద ఉన్నప్పుడు తెలియదు. నిలబెట్టి దీపాలు వేస్తే ఇక దాచినా దాగదు. అందుకే ప్రతి పన్నాకూ వెనకవైపు, పైకొసన, పెన్సిల్‌తో బాణం గుర్తు గీసి ఉంచేవాళ్ళు.

ఎడమ భాగం ఆమెకు అప్పగించారు. మర్నాడు ఊరికి ప్రయాణం. తోటివాళ్ళు చుట్టూ చేరి, పెళ్ళికొడుకు గుండీలు కుట్టించుకోవడానికే చేసుకుంటున్నాడని ఏడిపిస్తున్నారు. ఆమె నవ్వుతూనే కుట్టింది, నవ్వుతూనే మూడో పన్నాకు కిందికొసన ఎక్కువైన జానెడు ముక్క కత్తిరించింది, గుర్తుగా ఉంటుందని దాన్ని సంచిలో వేసుకుంది. మధ్యాహ్నం తెర తగిలించడానికి పైకొసన ఇత్తడి కన్నాలు కొట్టారు. సాయంత్రం లారీ వచ్చి ఎడమ భాగాన్ని పట్టుకుపోయింది. కుడి భాగం ఇంకా బల్ల మీదే ఉంది.

మర్నాడు రైల్లో ఆ ముక్క తీసి చూసుకుంటే, దాని వెనక బాణం గుర్తు ఉంది. పైకొసన ఉండాల్సిన బాణం, కిందికొస అనుకుని తను కత్తిరించిన ముక్క మీద ఉంది. అంటే ఎడమవైపు మూడో పన్నా తలకిందులుగా నిలబడి ఉంది.

ఎవరికీ చెప్పలేదు. పెళ్ళయిన నెలకు కార్ఖానాలో పని చూసే పెద్దక్కకు ఉత్తరం రాసి, కుశలప్రశ్నల మధ్య తెర ఎలా ఉందని అడిగింది. పెద్దక్క తిట్టాలంటే వీధి చివరిదాకా వినిపించేది, మెచ్చుకోవాల్సి వస్తే ఊరుకునేది. జవాబు రెండే ముక్కలు: "తెర బాగా వచ్చింది. ఒళ్ళు జాగ్రత్త." నిజంగానే బాగా వచ్చిందా, కొత్త పెళ్ళికూతురి మనసు పాడుచేయడమెందుకని రాసిందా? అడుగుదామంటే నోరు రాలేదు. తర్వాత పెద్దక్క పోయింది, కార్ఖానా మూతపడింది. టేపమ్మకు మాత్రం ఒక్కటే ప్రశ్న మిగిలిపోయింది. అన్నేళ్ళుగా, రోజూ అంతమంది, తన తప్పుకు ఎదురుగా కూర్చుని దాన్నే చూస్తున్నారా? ఆ నగరం అంటే ప్రాణం, దానికి ముఖం చూపించాలంటే సిగ్గు.

ఒక పొద్దున భర్త పేపరు చదువుతూ, పట్నంలో మీ నాటకశాల తెర పాతబడిందట, తీసేస్తున్నారట అన్నాడు. ఆదివారం మూడింటి ఆట ఆ తెరకు ఆఖరుదట. బొమ్మ కూడా వేశారు గానీ, అందులో తెరా గోడా ఒకేలా అలుక్కుపోయి ఉన్నాయి. టేపమ్మ మిషన్ ఆపింది.

"ఆదివారం నేను పట్నం వెళ్తున్నాను. ఒక్కదాన్నే" అంది.

భర్త "సరే" అని ముద్ర కొట్టేశాడు. కూతురు ఒప్పుకోలేదు. ఆమెది మందుల దుకాణంలో ఉద్యోగం, ప్రపంచంలో ప్రతిదీ వేళకు పడాలంటుంది. ఆదివారం తనకు సెలవు దొరకదని, ఇంకో వారం తనే దగ్గరుండి తీసుకెళ్తానని బతిమాలింది. ఇంకో వారానికి తెర ఉండదు.

"తోడు లేకుండా ఎలా వెళ్తావమ్మా?"

"మొదటిసారి కూడా తోడు లేకుండానే వెళ్ళానే. అప్పుడు చేతిలో ఫోను కూడా లేదు. నేను అప్పుడే తప్పిపోయి ఉంటే నువ్వు పుట్టేదానివే కాదు."

కూతురు ఒక కాగితం మీద గంటగంటకూ ఏం చేయాలో రాసి ఇచ్చింది. పదింటికి రైలు దిగి ఫోన్ చేయాలి. పదిన్నరకు ఏదైనా తిని ఫోన్ చేయాలి. సాయంత్రం ఏడింటి రైలెక్కి ఫోన్ చేయాలి. మాత్రల చీటీ లాగే ఉందని టేపమ్మ వెక్కిరించింది గానీ, మడిచి భద్రంగా సంచిలో పెట్టుకుంది. దాని పక్కనే ఎర్ర మఖమల్ ముక్క కూడా పెట్టుకుంది.

స్టేషన్ బయటికి వచ్చి నిలబడగానే టేపమ్మకు వయసు సగానికి సగం తగ్గిపోయింది. టీకొట్టు లేదు, దాని చోట ఫోన్లు అమ్మే అంగడి ఉంది. అయినా గాలి అదే, పరుగు అదే, ఎవరినీ పట్టించుకోకుండా ఎవరి దారిన వాళ్ళు పోయే ఆ గొప్ప మర్యాద అదే. వీధి దాటే విద్య మరిచిపోలేదు. బస్సు డ్రైవరు కళ్ళలోకి సూటిగా చూస్తూ అడుగు వేసింది. బస్సే ఆగింది.

మొదట తను ఉన్న ఆడవాళ్ళ హాస్టల్ దాకా నడిచి వెళ్ళి చూసుకుంది. గేటుకు రంగు మారింది, మెట్ల మీద అరిగిన గుంట మారలేదు. తర్వాత నాటకశాలకు వెళ్ళే పద్నాలుగో నంబరు బస్సెక్కింది. పక్కసీటులో ఊరికి కొత్తగా వచ్చినామె దారి అడిగితే, పెద్ద గడియారం దగ్గర కుడివైపు తిరుగుతుంది చూడండి అని ధీమాగా చెప్పింది. బస్సు పెద్ద గడియారం దగ్గర ఎడమవైపు తిరిగింది. టేపమ్మ తల కిటికీ వైపు తిప్పుకుంది. కాసేపటికి ఇళ్ళు పలచబడ్డాయి, కాలువ వచ్చింది, చివరికి బస్సులు కడిగే షెడ్డు వచ్చింది. పక్కసీటామె ఎప్పుడో దిగిపోయింది. పద్నాలుగు ఇటు రావడం మొదలుపెట్టి పదిహేనేళ్ళయిందని కండక్టరు చెప్పాడు.

"అయితే దారి తప్పింది నేను కాదు, మీ బస్సే" అంది టేపమ్మ.

కండక్టరు పాపం మంచివాడు. తిరుగు బస్సు ఎక్కించి, ఎక్కడ దింపాలో చెప్పి ఆ డ్రైవరుకు అప్పగించాడు. ఈ విషయం కూతురి కాగితంలో లేదు కాబట్టి ఫోన్‌లో చెప్పాల్సిన అవసరం ఆమెకు కనిపించలేదు.

నాటకశాల టికెట్ల కిటికీ దగ్గర, తెర బాగా కనిపించే సీటు కావాలంది. వేదిక బాగా కనిపించే సీటా అని కిటికీలోని మనిషి అడిగాడు. వేదిక అక్కర్లేదు, తెర చాలంది. అతను ఒకసారి ఆమె వంక, ఒకసారి మెడలోని టేపు వంక చూసి, నడిమి వరసలో నడిమి సీటు ఇచ్చాడు. ఆ టికెట్టు చూడకుండానే సంచిలో పడేసుకుంది. అప్పటిదాకా పిడుగులా తిరిగిన మనిషి మెట్లు మాత్రం ఒక్కొక్కటిగా ఎక్కింది.

హాల్లో తలెత్తలేదు. సీటు దొరికేదాకా నేల చూసుకుంటూ నడిచింది. కూర్చుని, సంచి ఒళ్ళో పెట్టుకుని, టేపు రెండు కొసలూ గట్టిగా పట్టుకుని, అప్పుడు చూసింది. దీపాలన్నీ తెర మీదే పడుతున్నాయి. మధ్య నుంచి ఎడమకు లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు.

ఉంది. పైనుంచి కిందిదాకా లేతగా, నిలువెత్తున. దాగడమన్న మాటే లేదు, ముఖం మీద మచ్చలా ఉంది. టేపమ్మకు ఏడుపొచ్చింది. ఇరవై తొమ్మిదేళ్ళు! ఒక్క రోజు కూడా వదలకుండా అక్కడే నిలబడి ఉంది. సరేలే, చూశాను, ఇక లేచిపోదాం అనుకుంది. లేవబోతూ కుడివైపు చూసింది. ఒకటి, రెండు, మూడు.

అక్కడా ఉంది.

మళ్ళీ లెక్కపెట్టింది. ఎడమన మూడోది, కుడిన మూడోది. అదే లేతదనం, అదే వెడల్పు. రెండు పక్కలా రెండు లేత చారలతో తెర తీర్చినట్టుంది. తెలియనివాళ్ళెవరైనా కావాలనే అలా కుట్టారనుకుంటారు. కుడి భాగం తను కుట్టలేదే! అది ఎవరి తప్పు? గంట కొట్టారు, తెర రెండుగా విడిపోయి పక్కలకు జరిగింది, నాటకం మొదలైంది. ఆ నాటకంలో ఎవరు ఎవరికి ఏమవుతారో టేపమ్మకు ఈ రోజుకీ తెలియదు. తెర ఎప్పుడు మూస్తారా అని రెండు గంటలసేపు ఎదురుచూస్తూ కూర్చుంది.

ఆట అయిపోయి జనం బయటికి పోతుంటే ఆమె ఎదురు నడిచి, పక్క తలుపులోంచి వేదిక వెనక్కి వెళ్ళింది. అక్కడ తెర తాళ్ళు లాగే పెద్దాయన ఒక స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. బయటివాళ్ళు రాకూడదన్నాడు. ఈ తెర కుట్టినదాన్నని చెప్పింది. ఆయన టేపు చూసి నమ్మాడు, లేచి స్టూలు ఆమెకిచ్చాడు. తెర తగిలించిన రోజు నుంచీ ఆయన అక్కడే పనిచేస్తున్నాడట. రేపు దీన్ని దించేయాలంటే ఇంట్లో మనిషిని పంపేస్తున్నట్టే ఉందన్నాడు.

"ఆ లేత చారలు..." అని మొదలుపెట్టి ఆగిపోయింది టేపమ్మ.

ఆయన ముఖం వెలిగిపోయింది. ఆ చారలే ఈ నాటకశాలకు గుర్తన్నాడు. టికెట్టు చూసుకోలేదా అన్నాడు. ఆమె సంచిలోంచి టికెట్టు తీసింది. మూలన చిన్న ఎర్రటి బొమ్మ, అందులో రెండు లేత గీతలు. కొత్త తెరకు కూడా అవి ఉండి తీరాలని పట్టుబట్టారట, అక్కడే వచ్చిందట చిక్కు. ఎంత వెతికినా ఆ లేత ఎరుపు ఎక్కడా దొరకడం లేదు. మూడుసార్లు ప్రత్యేకంగా రంగు వేయించారు. ఒకసారి గులాబీ అయింది, ఒకసారి ఇటుక అయింది, మూడోసారి అదేమిటో ఎవరికీ అర్థం కాలేదు. కుట్టేవాళ్ళు తలలు పట్టుకుని రేపు పొద్దున మళ్ళీ చూడ్డానికి వస్తున్నారు.

టేపమ్మ ఆ మాటలు సగమే విన్నది. ఆమె చూపు తెర కిందిఅంచు మీద ఉంది. ఆ కార్ఖానాలో ఒక పద్ధతి ఉండేది. ఎవరు కుట్టిన అతుకు అయినా, చివర లోపలివైపు వాళ్ళ రంగు దారంతో ఒక ముడి వేయాలి. తప్పు వస్తే ఎవరిదో వెంటనే తెలిసిపోవడానికి. టేపమ్మది పసుపు.

నేల మీద మోకాళ్ళు ఆనించి, ఎడమవైపు మూడో పన్నా అంచు ఎత్తింది. పసుపు ముడి అలాగే ఉంది, కాస్త వెలిసి గడ్డిరంగు తేలింది. అక్కడి నుంచి కుడివైపుకు వెళ్ళింది. మొదటి అతుకు దగ్గర నీలం, రెండో దానికీ నీలమే. మూడో పన్నా అంచు ఎత్తి చూసింది. ఆకుపచ్చ.

ఆకుపచ్చ పెద్దక్కది. పెద్దక్క కుట్టడం మానేసి అప్పటికి ఆరేళ్ళు. పని చూడటమే తప్ప సూది పట్టేది కాదు. ఆ ముడిని టేపమ్మ తన మూడేళ్ళలో ఒక్కసారో రెండుసార్లో, బాగుచేతకు వచ్చిన పాత తెరల మీద చూసింది.

ఏం జరిగి ఉంటుందో కళ్ళకు కట్టినట్టు అర్థమైంది. ముందుగా వెళ్ళిన ఎడమ భాగాన్ని తగిలించి దీపాలు వేశారు. పెద్దక్క చూసింది. పైన ఇత్తడి కన్నాలు కొట్టేశారు, ఇక ఆ పన్నాను తిప్పి కుట్టే దారి లేదు, కొత్తది వేద్దామంటే గుడ్డ లేదు. వెనక్కి వచ్చింది. కుడి భాగం ఇంకా బల్ల మీదే ఉంది. తప్పుగా కుట్టమని ఇంకొకరికి చెప్పలేక, తనే కూర్చుని మూడో పన్నాను తలకిందులుగా కుట్టింది. కుట్టి, దాచుకోకుండా తన ముడి వేసింది. పసుపు ముడిని కత్తెరతో తీసిపారేయలేదు, ఎవరినీ నిందించలేదు. టేపమ్మ తప్పు పక్కన వచ్చి నిలబడింది, అంతే. తర్వాత కూర్చుని ఉత్తరం రాసింది. తెర బాగా వచ్చింది. ఒళ్ళు జాగ్రత్త.

టేపమ్మ ఆ ముడిని వేలితో పట్టుకుని నేల మీదే కూర్చుండిపోయి ఏడ్చింది. సిగ్గుతో కాదు. ఆ ఉత్తరంలో ఉన్నది నిజమని నమ్మడానికి ఇంత ఆలస్యం చేసినందుకు, ఎదురుగా నిలబడి ఒక్కసారి పెద్దక్కా అని పిలవలేకపోయినందుకు ఏడ్చింది. తెర పోతున్నందుకే అనుకుని పెద్దాయన కూడా కళ్ళు తుడుచుకున్నాడు.

కాసేపటికి ఆమె లేచి, ముఖం తుడుచుకుని, సంచిలోంచి ఎర్ర మఖమల్ ముక్క తీసింది. ఆయన ఎదురుగా దీపం కింద పట్టుకుంది.

"ఇప్పుడు చూడండి" అని, ముక్కను తలకిందులు చేసింది.

పెద్దాయన కళ్ళు పెద్దవయ్యాయి. ఇంకోసారి తిప్పమన్నాడు. ఆమె తిప్పింది. ముదురు, లేత. లేత, ముదురు. ఆయన ఆ ముక్కను తన చేతిలోకి తీసుకుని తనే నాలుగుసార్లు తిప్పి చూసుకున్నాడు. మూడుసార్లు రంగు వేయించిన పెద్దమనుషులను తలుచుకుని పగలబడి నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, రేపు పొద్దున తొమ్మిదింటికి ఉండగలరా అమ్మా అని అడిగాడు.

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. కూతురు. కాగితం ప్రకారం అమ్మ ఈ పాటికి స్టేషన్ దారిలో ఉండాలి, ఫోన్ చేసి ఉండాలి.

"ఎక్కడున్నావమ్మా? బయల్దేరావా?"

"లేదు. నా టికెట్టు రేపటికి మార్చు."

"ఏమైంది? ఒంట్లో బాగానే ఉందా? రాత్రికి ఎక్కడుంటావు? ఒక్కదానివే..."

"నా హాస్టల్ ఉందిగా, పొద్దునే చూసుకున్నాను. గేటుకు రంగు మార్చారు, అంతే. రేపు నాకు ఇక్కడ పనుంది."

"అక్కడ నీకేం పని?"

టేపమ్మ పక్క తలుపులోంచి హాల్లోకి వచ్చి తెర వంక చూసింది. పెద్దాయన చివరిసారిగా దీపాలన్నీ వేశాడు. ఎడమన ఒకటి, కుడిన ఒకటి, రెండు చారలూ పైనుంచి కిందిదాకా నిటారుగా నిలబడి ఉన్నాయి.

"ఇక్కడొక తప్పుందే. దాన్ని సరిగ్గా కుట్టడం ఎవరికీ చేతకావట్లేదు. నేర్పి వస్తాను."